సత్యవేణి నడక

పిల్లల గాలిమర బొమ్మకి మోటారు బిగించడం కూడా ఒక పనేనా అనిపిస్తుంది ఎవరికైనా. లోవరాజుకి అందుకు ముప్ఫై ఎనిమిది రోజులు పట్టింది. అతనికున్న గడువే నలభై. చేతకాక కాదండోయ్. కాకినాడలో అతను పనిచేసే ప్రయోగశాలలో ఏ యంత్రం మొరాయించినా ముందు అతన్నే కేకేసేవారు. అలాంటివాడు ఆ ఆటబొమ్మ ముందు కూర్చుని జుట్టు పీక్కున్నాడు.

బొమ్మ చవకది. అట్టపెట్టె నిండా పసుపురంగు ప్లాస్టిక్కు ముక్కలు. పలకల నుంచి విరిచి ఒకదాంట్లో ఒకటి గుచ్చుకుంటూ పోతే పన్నెండు కాళ్ళ జంతువు తయారవుతుంది. నెత్తిన గాలిమర ఉంటుంది. ఫ్యాను ముందు పెడితే గాలిమర తిరుగుతుంది, దాంతోపాటు పొట్టలో వంకరటింకర ఇరుసు తిరుగుతుంది, కాళ్ళు ఒకదాని వెంట ఒకటి లేచి పడుతూ జంతువు ఎండ్రకాయలా సాగిపోతుంది. పెట్టెమీద ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకి అని రాసుంది.

లోవరాజు ముందు గాలిమర పీకేశాడు. మోటారుని తిన్నగా ఇరుసుకి అంటిస్తే ఇరుసు మెలితిరిగి విరిగింది. రెండో కిట్టు కొని, మోటారుకీ ఇరుసుకీ మధ్య బాల్‌పెన్ రీఫిల్ ముక్క తొడిగాడు. అది కొంచెం వంగుతుంది కాబట్టి ఈసారి విరగలేదు. సెల్లులు నెత్తిన పెడితే జంతువు బోర్లా పడింది, పొట్టకింద కట్టాడు. అప్పుడు బుద్ధిగా నడిచింది. ఇంకెవరైనా అయితే అక్కడితో చప్పట్లు కొట్టి ఊరుకునేవారు. అతను మాత్రం ఇరుసుని నడిమికి కోసి, కుడివైపు ఆరు కాళ్ళకి ఒక మోటారు, ఎడమవైపు ఆరింటికి ఇంకో మోటారు పెట్టాడు. ఎందుకంటే ఆ బొమ్మ ఊరికే నడిస్తే చాలదు. అది సత్యవేణిలా నడవాలి.

సత్యవేణి అతని భార్య. కాళ్ళ నరాలు ఎండిపోయే జబ్బుతో, నాలుగు నెలల కూతుర్ని వదిలేసి పోయింది. ఆమె నడక మాత్రం ప్రయోగశాలలో ఒక గాజుబుడ్డిలో మిగిలింది.

అదెలాగంటారా? అక్కడి పెద్ద డాక్టరు అపరాజిత గారు నడికట్టు అని ఒకటి తయారుచేశారు. నడుముకి కట్టుకునే పట్టీ, దాని వెనక బొటనవేలంత గాజుబుడ్డి, బుడ్డిలో బూడిదరంగు జిగురు. మనం నడిచేటప్పుడు ఇప్పుడు కుడి, ఇప్పుడు ఎడమ అని ఆలోచించుకోం కదా. వెన్నుపూస అడుగున ఉన్న నరాల ముడి ఆ తాళం తనంతట తానే వేస్తుంటుంది. పట్టీ కట్టుకుని నెల రోజులు తిరిగితే, పాలు తోడుకున్నట్టు, ఆ జిగురు మనిషి నడకని తోడుకుంటుంది. జబ్బు ముదిరి కాళ్ళు నడక మర్చిపోయినప్పుడు మళ్ళీ ఆ జిగురుతోనే గుర్తుచేయాలని మేడమ్ గారి ఆలోచన. సత్యవేణి అందరికంటే ముందు నడుం చుట్టూ పట్టీ కట్టించుకుంది. అప్పటికే ఆమె కుడికాలు ఈడుస్తోంది. తీసుకోవడం వరకూ పని కుదిరింది, తిరిగివ్వడం కుదరలేదు. ఈలోగా జబ్బు ఊపిరి దాకా పాకింది.

ఆ జిగురుకో గుణం ఉంది. రోజూ కాసేపైనా ఏవో కాళ్ళని నడిపిస్తూ ఉండాలి. పది రోజులు ఊరికే ఉంచితే అన్నీ మర్చిపోయి ఉత్త జిగురైపోతుంది. ఒక బుడ్డిలోంచి ఇంకో బుడ్డిలోకి తోడు వేయడం మేడమ్ గారు పన్నెండు సార్లు ప్రయత్నించి వదిలేశారు. ప్రయోగశాలలో జిగురుని ఆడించే పెద్ద చట్రం ఉండేది. కానీ సత్యవేణి పోయాక ఆ పరిశోధన ఆపేయమన్నారు, నలభై రోజుల్లో చట్రం విప్పేసి బుడ్డీలు పారేయమన్నారు. పారేయాల్సిన పని లోవరాజుదే. అతను ఒక్క బుడ్డి జేబులో వేసుకున్నాడు. సత్యవేణి నడక ఉన్న ఆ బుడ్డిని బొమ్మ పొట్టలో అమర్చి, రెండు మోటార్లకీ తీగలతో కలిపాడు.

మొదటిసారి బొమ్మ సత్యవేణిలా నడిచిన రోజు మధ్యాహ్నం అత్తగారు నూకరత్నం వంటింట్లో చేపలు కడుగుతోంది. కూతురు పోయాక మనవరాలిని చూసుకోవడానికి జగన్నాథపురంలో అల్లుడి దగ్గరే ఉండిపోయిందావిడ. లోవరాజు చావిట్లో గచ్చుమీద బొమ్మని వదిలి మీట నొక్కాడు. ఎడమ కాళ్ళు టక్కున పడ్డాయి. కుడి కాళ్ళు ఒక క్షణం ఆలస్యంగా లేచి, నేలని రాసుకుంటూ వచ్చాయి.

టక్... సర్ర్. టక్... సర్ర్.

"చెప్పులిప్పి రావే, గచ్చు ఇప్పుడే కడిగాను," అంది నూకరత్నం వెనక్కి తిరక్కుండానే.

అనేసి ఆగిపోయింది. చేతిలో చేప చేతిలోనే ఉంది. నెమ్మదిగా గుమ్మంలోకి వచ్చి, నేలమీద నడుస్తున్న పసుపుపచ్చ పురుగుని చూసి, గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"ఏటిరా అబ్బాయ్ ఇది?"

"సత్య నడక, అత్తా."

ఆవిడ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. చేపల కంపు చేతుల్ని కొంగుకి తుడుచుకుని, "ఇంకోసారి నడిపించు," అంది.

ఆ రోజునుంచి పొద్దున అరగంట, సాయంత్రం అరగంట ఆ ఇంట్లో సత్యవేణి నడిచేది. ఇంటికొచ్చినవాళ్ళు అదేదో పిల్ల ఆడుకునే బొమ్మనుకునేవారు. పిల్ల పేరు ఏదైనా ఇంట్లో పిలుపు మాత్రం పండు. పండు బోర్లా పడి తలెత్తి ఆ బొమ్మనే చూసేది. పాకడం వచ్చాక దాని వెనకే పాకేది. బొమ్మ ఆగితే తనూ ఆగేది. నూకరత్నం మనవరాలి నోట్లో అన్నంముద్ద పెడుతూ, "అదిగో, అమ్మొత్తంది చూడు! అమ్మొచ్చేలోపు తినేయాలి," అనేది.

"అలా నేర్పకత్తా," అన్నాడు లోవరాజు ఒకసారి.

"మరేమని నేర్పమంటావ్? పురుగనా?"

అతను మళ్ళీ ఆ మాటెత్తలేదు. నిజం చెప్పాలంటే అతనికీ వినడానికి బాగానే ఉండేది. పనినుంచి వచ్చి, కళ్ళు మూసుకుని కుర్చీలో కూర్చుంటే టక్, సర్ర్ అంటూ ఆమె వంటింట్లోంచి చావిట్లోకి వస్తున్నట్టే ఉండేది. ఆ అరగంటా బతికున్నట్టుండేది అతనికి.

పదమూడో నెలలో పండు గోడ పట్టుకుని లేచింది. పద్నాలుగో నెలకి గోడ వదిలేసింది. బొమ్మ ముందు, పండు వెనక. ఒళ్ళు ఊగిపోతూ, చేతులు చాపుకుని, కుడికాలు కాస్త ఈడ్చుకుంటూ పండు నడుస్తుంటే ఇరుగుపొరుగువాళ్ళు మురిసిపోయేవారు. పక్కింటి మహాలక్ష్మి గారైతే, "తప్పటడుగులు ఎంత ముద్దుగా ఏస్తందండీ!" అని బుగ్గలు పుణికేది. తప్పటడుగులంటే తడబడే అడుగులే కదా. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. పసిపిల్ల తడబడకుండా నడిస్తేనే వింత.

అడుగులు వేసిన పిల్లకి అరిసెల వేడుక చెయ్యాలని నూకరత్నం పట్టుబట్టింది. చావిట్లో తెల్లటి పంచె పరిచి, కొత్తగా వండిన అరిసెలు వరసగా పేర్చింది. పిల్ల పాదాలకి తడిపసుపు రాసింది. పంచె చివర లోవరాజు చేతులు చాపుకుని కూర్చున్నాడు. పండు నవ్వుకుంటూ అరిసెల్ని తొక్కుకుంటూ, పక్కకి దిగిపోయి మళ్ళీ ఎక్కుతూ, తండ్రి ఒళ్ళో వచ్చి పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. అరిసెలు పంచారు.

అందరూ వెళ్ళిపోయాక పంచె మడతపెట్టబోతూ లోవరాజు ఆగాడు. పంచెమీద పసుపు పాదాలు. ఎడమపాదం శుభ్రంగా అచ్చుగుద్దినట్టు పడింది. కుడిపాదం దగ్గర మాత్రం బొటనవేలు నుంచి పసుపు గీత సాగింది. ప్రతి కుడిపాదం దగ్గరా అదే గీత. అతను జేబులోంచి స్కేలు తీసి కొలిచాడు. తొమ్మిది గీతలూ ఒకే పొడవు. ఇలాంటి పాదాల కాగితాలు అతను ప్రయోగశాలలో సత్యవేణి కాళ్ళకి సిరా పూసి స్వయంగా తీశాడు. 

ఇంకేముంది, జబ్బు పిల్లకీ దిగిందనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పిల్లనీ, పంచెనీ తీసుకుని అపరాజిత గారి దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ పంచెని బల్లమీద పరిచి చాలాసేపు చూశారు. తరవాత పిల్ల కాళ్ళకి తీగలు అంటించి, నరాలు పరీక్షించి, సుత్తితో మోకాళ్ళు తట్టి, మళ్ళీ పరీక్షించారు. లోవరాజు గోడవారన నిలబడి, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాడు. తలుపులమ్మ తల్లికి రెండుసార్లు మొక్కాడు.

"నరాలు నిక్షేపంలా ఉన్నాయి, రాజు గారూ. పాపకి ఏ జబ్బూ లేదు."

అతను అక్కడే కూలబడి ఏడ్చేశాడు. ఆవిడ మంచినీళ్ళిచ్చి అడిగారు.

"మరి ఈ నడక ఎక్కడిది? తప్పటడుగులైతే ఏ రెండూ ఒకేలా ఉండవు. ఓసారి కుడికి తూలుతుంది, ఓసారి ఎడమకి. పిల్లలు అలా పడుతూ లేస్తూ తమ నడకని వెతుక్కుంటారు. ఈ పాప దేన్నీ వెతుక్కోవట్లేదు. అన్ని అడుగులూ ఒక్కటే. ఇది ఎవరి దగ్గరో నేర్చుకున్నది."

లోవరాజు తలొంచుకున్నాడు. ఆ తరవాత జేబులో వేసుకున్న బుడ్డి సంగతీ, బొమ్మ సంగతీ అన్నీ చెప్పాడు. అపరాజిత గారు కోప్పడతారనుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

"జిగురు తోడుకున్నట్టే పాపా తోడుకుంది," అన్నారు చివరికి. "రెండేళ్ళు నిండేసరికి నడక ముదురుతుంది. ఆ తరవాత మార్చడం నా వల్ల కాదు. తుంటి ఎముక వంకర తిరిగిపోతుంది. ఆ బొమ్మ చప్పుడు ఇక పాప చెవిన పడకూడదు."

"పిల్ల ముందు నడిపించనండి. ఇంకెక్కడైనా..."

"మీ ఇష్టం," అన్నారావిడ. కానీ అతని మొహంలోకి చూస్తూ అన్నారు.

ఇంటికొచ్చాక లోవరాజు బొమ్మని డాబామీదికి చేర్చాడు. మధ్యాహ్నం పిల్ల నిద్రపోయే వేళ పైకెళ్ళి నీళ్ళ ట్యాంకు నీడలో అరగంట నడిపించేవాడు. నూకరత్నం గిన్నెలు అలాగే వదిలేసి తనూ పైకి వచ్చేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆ చప్పుడు వినేవారు. ఐదు రోజులు అలా సాగింది.

ఆరో రోజు మెట్లమీద ఏదో పడిన చప్పుడైంది.

పండు నిద్రలేచి, ఆ చప్పుడు వెంట మెట్లెక్కుతూ వచ్చింది. ఎనిమిదో మెట్టు దాకా ఎక్కింది. కుడికాలు పైకి లేవక బొటనవేలు మెట్టు అంచుకి తగిలి, మూడు మెట్లు దొర్లి మలుపులో ఆగింది. పెదవి చీలి నోరంతా రక్తం. లోవరాజు ఎత్తుకోగానే పిల్ల అతని భుజంమీంచి పైకి చెయ్యి చూపిస్తూ, "అమ్మ... అమ్మ..." అని ఏడ్చింది.

కుట్లు వేయించి తీసుకొచ్చి పడుకోబెట్టాక అత్తా అల్లుళ్ళు చావిట్లో కూర్చున్నారు. బొమ్మ ఇద్దరి మధ్యా ఉంది.

"మా మెకానిక్ సత్తిబాబు షెడ్డులో పెట్టొస్తానత్తా. రోజూ పని అయ్యాక అక్కడికెళ్ళి నడిపిస్తాను. పిల్లకి తెలీదు."

నూకరత్నం తల అడ్డంగా ఊపింది.

"వద్దురా నాయనా. అది ఎక్కడో చోట నడుత్తందని తెలిత్తే నేనాగలేను. జొరవొచ్చిందనో, తద్దినవనో ఏదో సాకు చెప్పి, ఎల్లి చంకనెట్టుకుని తెచ్చేసుకుంటాను. నన్ను నమ్మకు."

"అదేంటత్తా..."

"ఇంకోటి చెప్తాను, నన్ను కొట్టినా సరే. పిల్ల కాలు ఈడుత్తందని నాకు రెండు నెలలుగా తెలుసు. నా కూతురు కాలు నాకు తెలీదా? అరిసెలకి ముందే తెలుసు. చెప్తే బొమ్మ ఆపేత్తావని చెప్పలేదు. పిల్ల నడుత్తుంటే మా సత్యే నడుత్తన్నట్టుందిరా... చూసుకుని చూసుకుని మురిసిపోయాను. పాపిష్టిదాన్ని." చెంపలు వాయించుకోబోతే లోవరాజు ఆవిడ చేతులు పట్టుకున్నాడు.

 పంచె కొలవకముందే తను మాత్రం చూడలేదా? సాయంత్రాలు కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండు నడకల చప్పుడూ ఒకటే అని విన్నాడు. విని హాయిగా నవ్వుకున్నాడు. ఆ మాట అత్తగారికి చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది.

"ఆఖరుసారి ఓ అరగంట..." అని మొదలెట్టాడు.

"వద్దు. ఆఖరుసారంటే అవదు. ఇప్పుడే ఎట్టేయ్."

లోవరాజు కుర్చీ ఎక్కి బొమ్మని అటకమీద, ఇత్తడి గంగాళం వెనక పెట్టాడు. 

ఆ పది రోజులూ ఎలా గడిచాయో వాళ్ళకే తెలియాలి. పండు మొదటి రెండు రోజులు నడవనే లేదు. చావిట్లో కూర్చుని గుమ్మాలకేసి చూసేది. చూసి చూసి ఏడ్చేది. అన్నంముద్ద దగ్గరికి తెస్తే నోరు తెరవకుండా, "అమ్మ?" అనేది. నూకరత్నం ఆ ముద్దని పళ్ళెంలోనే పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. నాలుగో రోజు పిల్ల పాకడం మొదలెట్టింది, నడకే రానట్టు. ఐదో రోజు లోవరాజు కుర్చీ అటక కిందికి లాగి, మీద ఒక కాలు కూడా వేశాడు. ఇంకా ఐదు రోజులుంది, ఇప్పుడు నడిపించినా నడక బతుకుతుంది. అంతలో లోపల పిల్ల గోడ పట్టుకుని లేస్తూ ధబ్బున పడింది. అతను కాలు తీసేశాడు.

పిల్ల మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది. ఈసారి ఎడమకి పడింది. తరవాత వెనక్కి. ఏ పడటమూ ఇంకోదానిలా లేదు. లోవరాజు గుమ్మంలో నిలబడి, ఎత్తుకోవాలని చేతులు లాగుతున్నా ఎత్తుకోకుండా చూశాడు.

పదో రోజు తెల్లవారగానే నూకరత్నం తలారా స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని కూర్చుంది. లోవరాజు తనూ వెళ్ళి తలమీద నీళ్ళు పోసుకుని వచ్చాడు.

పదకొండో రోజు పొద్దున బొమ్మని అటక దింపాడు. చూడక తప్పదు. జిగురులో ఏ కాస్త నడక మిగిలున్నా బుడ్డి తీసి పారేయాలి. పిల్లని నూకరత్నం ఒళ్ళో కూర్చోబెట్టుకుంది, రెండు చేతులూ పిల్ల చెవుల దగ్గర సిద్ధంగా పెట్టుకుంది. అతను మీట నొక్కాడు.

టక్, టక్, టక్, టక్.

పన్నెండు కాళ్ళూ గడియారంలా లేచి పడుతున్నాయి. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా ఈడవలేదు. ఆ బొమ్మ అంత బాగా ఏనాడూ నడవలేదు. చావిడి ఈ కొసనుంచి ఆ కొసకి తిన్నగా, దర్జాగా వెళ్ళి గోడకి కొట్టుకుని, అక్కడే కాళ్ళాడిస్తూ ఉండిపోయింది.

"పోయింది," అంది నూకరత్నం. పిల్ల చెవుల దగ్గర చేతులు దించేసింది. "మళ్ళీ పోయిందిరా రాజూ నా తల్లి." కొంగు నోట్లో కుక్కుకుంది.

పండు అమ్మమ్మ ఒళ్ళోంచి జారి దిగింది. బొమ్మకేసి ఒక్కసారి చూసింది. ఎవరిదో తెలియని వస్తువుని చూసినట్టు చూసి మొహం తిప్పేసుకుంది. లేచి నిలబడి, రెండు చేతులూ చాపుకుని వంటింట్లోకి నడిచింది. "అమ్మా," అని పిలిచింది. అక్కణ్ణుంచి పెరటి గుమ్మం దాకా నడిచింది. ఓసారి కుడికి తూలింది, ఓసారి ఎడమకి. కుడికాలు ప్రతి అడుక్కీ నేలమీంచి బెత్తెడు లేచి, వేళ్ళు విప్పుకుని, ధడేలుమని పడింది.

"ఎత్తుతందిరా," అంది నూకరత్నం ఏడుస్తూనే. "కాలెత్తుతంది చూడు."

లోవరాజు చూశాడు. సంతోషించాడు కూడా.  అతను వెళ్ళి బొమ్మ మీట ఆపేశాడు.

పిల్ల పడకగదిలోకి వెళ్ళింది. మంచం అటువైపు చూసింది, తలుపు చాటున చూసింది. ఎక్కడా కనబడలేదు. చక్కగా అడుగులు వేసుకుంటూ తిరిగొచ్చి, నేలమీద కూర్చున్న తండ్రి ఎదురుగా నిలబడి, అతని మోకాళ్ళమీద రెండు చేతులూ ఆనించి, మొహంలోకి మొహం పెట్టి అడిగింది.

"అమ్మ?"

ఏడాదిగా ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు. ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి అనాల్సిన అవసరమే రాలేదు. తెలియనిది ఈ ఒక్క పిల్లకే.

"లేదు తల్లీ," అన్నాడు లోవరాజు. "అమ్మ చచ్చిపోయింది."